చేపల తొట్టె మీద ఉత్తరీయం

ఆళ్లగడ్డలో కృపావరం గారి ఇంటికి కొత్త కోడలు వచ్చిన కొద్దిరోజులకే ఆమె వెంట ఒక సముద్రం కూడా వచ్చింది. ఆ సముద్రం పొడవు రెండు మూరలకు మించదు. ఒక గాజుతొట్టె, మూత బిగించిన డబ్బాలలో ఉప్పునీరు, గాలి ఊదే చిన్న మోటారు, ఒక మట్టి ముంత, ఒక బకెట్. నంద్యాల పుట్టింటి నుంచి వాటినన్నిటినీ ట్రాలీ ఆటోలో వేయించుకొని, కోడలు ఫెబా డ్రైవరు పక్కన కూర్చుని, బకెట్‌ను పసిబిడ్డలా ఒడిలో పెట్టుకుని వచ్చింది. శిరివెళ్ల దాటినప్పటి నుంచి గుంత కనబడినప్పుడల్లా "అన్నా, మెల్లగ పోనీ అన్నా" అని బతిమాలుతూనే ఉన్నదట. ఆటో దిగిన డ్రైవరు, "ఇంత భద్రంగ గర్భిణీని గూడా తీస్కపోలేదు సారూ" అని నుదురు తుడుచుకున్నాడు.

కృపావరం గారు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా జీవితమంతా గడిపి విశ్రాంతి తీసుకుంటున్నవారు. ఛందస్సు ఎంత క్షుణ్ణమో లేఖనాలు అంత క్షుణ్ణం. ఊరి క్రైస్తవ సంఘంలో పెద్ద. ఉద్యోగ విరమణనాడు శిష్యులు కప్పిన జరీ అంచు ఉత్తరీయాన్ని మడత నలగకుండా దాచుకుని, ఆదివారం ఆరాధనకు మాత్రమే భుజాన వేసుకుంటారు. అటువంటి మనిషి బకెట్‌లోకి తొంగిచూచి, లోపల తిరుగుతున్న రెండు చేపలను చూచి చూచి, లోకాన్ని మరచిపోయారు. నారింజపండు రంగు ఒళ్లు, దాని మీద మూడు తెల్లని పట్టీలు, పట్టీల అంచున కాటుకతో గీసినట్టు సన్నని నలుపు.

"ఇవేం చేపలమ్మా?"

"క్లౌన్ ఫిష్ మామా. సముద్రంలో ఉంటాయి."

"క్లౌన్ అంటే సర్కస్‌లో నవ్వించేవాడు గదా. మన నాటకాలలో రాజు పక్కనుండే విదూషకుడు. అయితే ఇవి విదూషక మత్స్యాలన్నమాట!"

ఫెబా నవ్వింది. ఆ ఇంట కాలు పెట్టిన తరువాత ఆమె పళ్లు కనబడేలా నవ్వడం అదే మొదలు. కృపావరం గారికి ఆ నవ్వు తానల్లిన పద్యానికి సభ చప్పట్లు కొట్టినంత తృప్తినిచ్చింది.

పెద్దదాని పేరు దొరసాని, చిన్నదాని పేరు బుడ్డోడు. దొరసాని ఆడది, బుడ్డోడు మగవాడు. "ఈ జాతిలో పెత్తనమంతా ఆడదానిదే అత్తా" అని ఫెబా చెబితే, కృపావరం గారి భార్య ప్రమీలమ్మ ముఖం వెలిగిపోయింది.

"అట్లయితే మన ఇంటికి సరిపోయినవే వచ్చినాయి" అన్నాడు కొడుకు అజయ్ కుమార్. తల్లి చేతిలోని చేట అతని వీపును తాకింది.

తొట్టెలో నీరు నింపిన తరువాత కూడా ఫెబా చేపలను అందులోకి వదలలేదు. సన్నని గొట్టాన్ని తొట్టె నుంచి బకెట్‌లోకి దించి, ఒక్కొక్క బొట్టు రాలేటట్టు ముడి వేసి, పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఎండ వాకిలి నుంచి ప్రహరీ మీదికి ఎక్కింది. ఆమె మాత్రం ఉపవాస ప్రార్థనలో ఉన్నట్టు కదలలేదు.

"ఎందుకమ్మా ఇంత ఆలస్యం? అదీ ఉప్పునీరే, ఇదీ ఉప్పునీరే గదా" అన్నారు కృపావరం గారు.

"అట్ల కాదు మామా. ఈ నీల్ల వేడి వేరే, ఆ నీల్ల వేడి వేరే. ఉప్పు గూడా రవ్వంత తేడా ఉంటాది. ఒక్కసారి తోసేస్తే తట్టుకోలేవు. వాటికి తెలీకుండానే అలవాటు కావల్ల."

అంతకుముందు తొట్టెకు చోటు దొరకడమే కష్టమైంది. ముందుగదిలో గోడ పొడవునా ఒక నాపరాతి అరుగు ఉన్నది. ప్రతి బుధవారం సాయంత్రం ఆ ఇంట ప్రార్థన కూటం జరుగుతుంది. పెట్టె హార్మోనియం, మైకు పెట్టె, స్పీకరు అన్నీ ఆ అరుగు మీదనే కొలువుదీరుతాయి. తొట్టె బరువును మోయగల చోటు ఇంట్లో అదొక్కటే కాబట్టి, అరుగుకు ఒక కొసన తొట్టె, రెండవ కొసన పాట సరంజామా అని తీర్మానమైంది. అందులో ఎవరికీ దోషం కనబడలేదు.

ఆ సంఘంలో ఒక ఆచారం ఉన్నది. ఏ ఇంటికి కొత్త కోడలు వచ్చినా, వీధుల వారీగా స్త్రీలు వచ్చి చాపల మీద కూర్చుని, పిల్లను కళ్లారా చూచి, తలపై చేయి ఉంచి ప్రార్థించి, చివరకు ఆమె చేత ఒక పాట పాడించుకుని పోతారు. ఇప్పుడు ఆ ఇంట చూడదగినవి రెండయినాయి. వచ్చినవారు మొదట కోడలిని చూచేవారు, ఆ తరువాత తొట్టె దగ్గరికి పోయి గోటితో గాజును టకటకమని కొట్టేవారు. బుడ్డోడు ముంతలోకి దూరిపోయేవాడు. దొరసాని తొట్టె ఈ కొస నుంచి ఆ కొసకు బాణంలా దూసుకుపోయేది.

స్త్రీల సమాజానికి నాయకురాలు ఎలిజబెత్. ఆమె గొంతు వీధి మొదట్లో వినిపిస్తే మనిషి కాసేపటికి వస్తుంది.

"ఏం పాపా, నంద్యాలోల్లకు గొంతులుండవా? ఒక పాట ఎత్తుకో, విందాం!"

ఫెబా తల దించుకున్నది. పెదవులు కదిలాయే గాని స్వరం రాలేదు.

"సిగ్గులే. రెండోసారి వచ్చినప్పుడు వదలం" అని ఎలిజబెత్ బుగ్గ గిల్లింది.

కోడలి వినయానికి కృపావరం గారు మురిసిపోయారు. విస్తరిలో సగం అన్నం అట్లాగే ఉంచి ఆమె లేచిపోవడం కూడా ఆయన కంట పడింది. అది కూడా వినయమే కాబోలు అనుకున్నారు.

బుధవారం వచ్చింది. కొత్త కోడలు ఉన్న ఇల్లని కూటానికి జనం విరగబడ్డారు. కూటాలలో తాళం వేసే ఫిలిప్ కొత్త డప్పును మంట మీద కాచి బిగించి తెచ్చాడు. అజయ్ కుమార్ ఉత్సాహంగా మరొక పెద్ద స్పీకరును అరువు తెచ్చి అరుగు మీదనే నిలిపాడు. కీర్తన ఎత్తుకోగానే తాళం అరుగులోకి దిగి, అరుగు నుంచి గోడలోకి పాకి, గోడకున్న పటాలు గజగజలాడాయి. కృపావరం గారు కన్నులు మూసుకుని తలయూచారు. మధ్యలో ఒకసారి కన్ను తెరిస్తే, కోడలు జనం వైపు గాక తొట్టె వైపు చూస్తూ, చీరకొంగును రెండు చేతులా పిండుతూ కనిపించింది. పిల్ల భక్తిలో కరిగిపోతున్నదని ఆయన మరింత గట్టిగా చప్పట్లు చరిచారు.

తెల్లవారి చూచేసరికి బుడ్డోడు మూలన ఒరిగి ఉన్నాడు. ఒక పక్క రెక్క పాతగుడ్డలా చీలికలైంది. తోక దగ్గర పొలుసు లేచిపోయి ఆ మేర తెల్లగా ఉన్నది. మొప్పలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. కొంచెం కదిలితే చాలు, దొరసాని మీదికి దూకుతున్నది.

"ఇదెంత రాకాసి! పక్కనోడు చావబతుకుల్లో ఉంటే మిందపడి కరుస్తాది" అన్నది ప్రమీలమ్మ.

"అది కోపం కాదత్తా, భయం" అన్నది ఫెబా. "బెదిరితే పెద్దది చిన్నదాని మింద పడతాది. వీడు పారిపోతా పోతా ముంత అంచుకు గీరుకున్నాడు."

ఎందుకు బెదిరాయో ఆమె చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు. నంద్యాల జూనియర్ కాలేజీలో ఆమె జంతుశాస్త్రం చెబుతుంది. ఆరోజు ప్రాక్టికల్ పరీక్షలు, తప్పించుకునే వీలు లేదు. బస్సు వేళ మించిపోతుండగా మామగారికి అప్పగింతలు పెట్టింది.

"మామా, మీరు ఏమీ చెయ్యొద్దు. మేత వెయ్యొద్దు, లైటు వెయ్యొద్దు, చెయ్యి పెట్టొద్దు. ఊరికే ఉండనియ్యండి. మధ్యాన్నానికల్లా వచ్చి వాన్ని వేరు చేస్తా."

ఊరికే ఉండడమన్నది కృపావరం గారు జీవితంలో ఎన్నడూ అభ్యసించని విద్య. తొట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ చిన్న ప్రాణి మొప్పలు కొట్టుకోవడం చూస్తుంటే ఆయన గుండె కూడా అదే వేగంతో కొట్టుకోసాగింది. పుట్టింటి నుంచి ఆ బిడ్డ ఒడిలో పెట్టుకుని తెచ్చుకున్న ప్రాణమది. ఆమె తిరిగివచ్చేసరికి అది వెల్లకిలా తేలితే ఈ ఇంటిని ఆ బిడ్డ ఏ కళ్లతో చూస్తుంది?

మోకరించి ప్రార్థించారు. కన్నీరు వచ్చింది. కన్నీటితో పాటు గూట్లో ఉన్న చిన్న సీసా జ్ఞాపకం వచ్చింది. పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన ఒలీవ నూనె. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, పొరుగింటి దూడ పాలు తాగకపోయినా ఆ సీసా మూత తెరవడం ఆ ఇంటి మర్యాద. కోడలు చెయ్యి పెట్టవద్దన్నది నిజమే. చెయ్యి పెట్టకుండా పైనుంచి ఒక చుక్క విడిస్తే ఆమె మాట జవదాటినట్టు కాదని పండితబుద్ధి తర్కించింది. ఒక చుక్క పడింది. అంత తొట్టెకు ఒక్క చుక్క ఏపాటి అనిపించింది. విశ్వాసంలో పిసినారితనం కూడదు గనుక సీసాను ఇంకొంచెం వంచారు.

వంటింటి నుంచి వచ్చిన ప్రమీలమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏందయ్యా, చేపకు పోపు పెడతాండావా?"

"అపహాస్యం వద్దు ప్రమీలా. అభిషేకం చేస్తున్నా."

నూనె నీటి మీద ఇంద్రధనుస్సులా పరుచుకున్నది. చూడడానికి ముచ్చటగానే ఉన్నది. అయితే కొంతసేపటికి బుడ్డోడు మూలను వదలి పైకి వచ్చి నోరు తెరవసాగాడు. ఆ వెనకనే దొరసాని కూడా వచ్చింది. జగడం మాని రెండూ పక్కపక్కన నీటి అంచుకు నోళ్లు ఆనించి గుటకలు వేస్తున్నాయి. కృపావరం గారు ఫోను అందుకున్నారు.

"అమ్మా ఫెబా, ఇద్దరూ పైకొచ్చి నోర్లు తెరుస్తున్నారమ్మా."

"ఇద్దరూనా? దొరసాని గూడానా? తొట్లో ఏమన్నా వేసినారా మామా?"

కృపావరం గారు ఖాళీ చేతితో సీసాను మెల్లగా గూట్లోకి జరిపారు.

"చెప్పు, నూనె పోసినానని చెప్పు!" అని వెనుక నుంచి ప్రమీలమ్మ గట్టిగా అరిచింది.

"నూనెనా!"

"ప్రార్థన నూనె తల్లీ. నాలుగే చుక్కలు..."

"సగం సీసా!" అన్నది ప్రమీలమ్మ.

 ఆ తరువాత అవతల నుంచి వినిపించిన గొంతును కృపావరం గారు అంతవరకు ఎరుగరు. కంగారు లేదు, బిడియం లేదు. తరగతిలో వెనక బెంచీకి కూడా వినబడే నిండైన గొంతు.

"వినండి మామా. నీల్ల మింద నూనె పొర కట్టింది, లోపలికి గాలి దిగడంల్యా. అల్మారాలో పెండ్లికి మిగిలిన తెల్ల కాగితం నాప్కిన్లు ఉండాయి గదా, అవి తీస్కోండి. ఒక్కోటి విప్పి నీల్ల మింద పరచండి. తడవంగానే అంచులు పట్టుకుని పైకెత్తండి. నూనె దానికంటుకుని వచ్చేస్తాది. మెరుపు పోయేదాంకా తీస్తానే ఉండండి. అత్తా, మోటారు మింద చిన్న బిరడా ఉంటాది, కుడిపక్కకు తిప్పండి, బుడగలు బాగా రానీ. బయపడాకండి. ఈడ పరీక్ష అయిపోయింది, నేను బస్సెక్కుతాండా."

పెళ్లి విందులో ఎవరూ వాడక మిగిలిపోయిన నాప్కిన్లు ఆనాడు అక్కరకు వచ్చాయి. వృద్ధ దంపతులు తొట్టెకు చెరొక పక్క నిలబడి, పసిబిడ్డ తల తుడిచినంత మెత్తగా నీటి ముఖం తుడిచారు. ఒక్కొక్క కాగితం మెరుస్తూ లేచివచ్చింది. క్రమంగా రంగులు పోయి, నీరు నీరుగా కనబడింది. దొరసాని ముందు కిందికి దిగింది. బుడ్డోడు కొంచెం ఆగి, తూలుతూ దిగాడు.

ఫెబా బస్టాండు నుంచి పరుగున వచ్చినట్టుంది, చెమటలో తడిసి ఉన్నది. చేతిలో కూరగాయలు కడిగే చిల్లుల బుట్ట, కొత్తది. మామగారు ఇంటిపాఠం చేయని విద్యార్థిలా గోడవార నిలబడి ఉన్నారు.

"నన్ను ఏమన్నా అనమ్మా. ఏమీ చెయ్యొద్దన్నావు. నేను విన్లేదు."

ఆమె తొట్టె వైపు చూచింది, బల్ల మీద గుట్టగా పడి ఉన్న నూనె కాగితాల వైపు చూచింది, ఆయన వైపు చూచింది.

"ఏమనాల మామా? నాకు జరమొస్తే మా నాయన గూడా ఇంతే. తలంతా నూనె పోసి, దుప్పటి పాడయిందని మాయమ్మతో తిట్లు తినేటోడు." చెమ్మగిల్లిన కళ్లతోనే నవ్వింది. "ప్రార్థన మానొద్దు మీరు. నూనె మాత్రం వద్దు."

వల వేస్తే రెక్క ఇంకా చీలుతుందని, గాజు గ్లాసును నీళ్లలో మెల్లగా ముంచి, బుడ్డోడు తనంతట తాను అందులోకి వచ్చేదాకా కాచుకుని, నీటితో పాటు అతన్ని బుట్టలోకి మార్చింది. బుట్టను తొట్టెలోనే అంచుకు తగిలించింది. నీరు ఒకటే, ఒకరికొకరు కనబడతారు, కాని దొరసాని నోరు అందదు. తరువాత కొంత పాతనీరు తోడి, అంతే ఉప్పు, అంతే వేడి ఉన్న కొత్తనీరు పోసింది.

"బతుకుతాడా తల్లీ?"

"నీల్లు శుబ్రంగ ఉంటే రెక్క మల్లా మొలుస్తాది మామా. గాయానికి బూజు పట్టకుంటే సాలు. కానీ బెదురు పోవల్ల. బెదురు పోకుంటే మేత ముట్టడు. మేత ముట్టకుంటే ఏ గాయమూ మానదు."

ప్రమీలమ్మ కోడలి వైపు చూచింది. కృపావరం గారు కూడా చూచారు. ఎముకలు తేలిన ఆ మణికట్టు మీద పెళ్లినాటి గాజులు ఎంత వదులుగా జారుతున్నాయో ఆ ముసలికళ్లకు అప్పుడు కనబడింది. ఆయన లోపలికి పోయి, పెట్టె తెరచి, జరీ అంచు ఉత్తరీయం తెచ్చి, తొట్టె ముందుభాగం మొత్తం మూసుకుపోయేటట్టు కప్పారు.

"అయ్యో, అది ఆదివారం వేసుకునేది గదా!" అన్నది ప్రమీలమ్మ.

"ఉత్తరీయం లేకున్నా దేవుడు నన్ను గుర్తుపడతాడులే."

ముంతను కూడా ఆయన బయటికి తీయించారు. దాన్ని సంచిలో వేసుకుని, శిల్పుల వీధికి పోయి, నునుపురాయితో విగ్రహాలకు మెరుగుపెట్టే నరసింహాచారి ముందు ఉంచారు. "దీని అంచు పసిపిల్ల పెదవిలా కావాలప్పా" అన్నారు. శిల్పి ముంతను తిప్పి తిప్పి చూచి, "ఇది ఏ దేవుని ముంగల పెట్టేది సారూ?" అని అడిగాడు. "దేవుని ముందు కాదు, విదూషకుని ముందు" అన్నారు. నరసింహాచారికి అర్థం కాలేదు గాని, ముంత అంచు మాత్రం వెన్నలా అయింది.

ఆదివారం బోసిభుజంతో ఆరాధనకు వచ్చిన సంఘపెద్దను చూచి జనం గుసగుసలాడారు. ఆరాధన ముగిసి అందరూ ఆవరణలో నిలిచినప్పుడు ఆయనే నోరు విప్పారు.

"ఈ బుధవారం మా ఇంట్లో కూటముంటుంది. మైకుండదు, డప్పుండదు."

"డప్పు లేకుంటే కూటమేంది పెద్దయ్యా? ఉప్పులేని పప్పు మాదిరి" అన్నాడు ఫిలిప్.

"మా ఇంట్లో రోగి ఉన్నాడప్పా. శబ్దం పడదు."

"ఎవరికేమాయ?" అని ఎలిజబెత్ ముందుకు వచ్చింది.

"చేపకు."

ఆవరణంతా గొల్లుమన్నది. "చేప ఇంట్లో ఉండాల్సింది కూరలో గదా సారూ!" అని ఎలిజబెత్ అంటే కృపావరం గారు కూడా నవ్వారు. నవ్వు తగ్గనిచ్చి అన్నారు:

"అమ్మా ఎలిజబెత్తూ, మీ బర్రె ఈనలేక పడి ఉంటే సంఘమంతా మీ దొడ్లో నిలబడి ప్రార్థన చేసింది. గుర్తుందా?"

"యాడ మరుస్తాం సారూ. కానీ బర్రె పాలిస్తాది. చేప ఏమిస్తాది?"

ఆయన ఛందస్సును, అలంకారాలను పక్కన పెట్టారు. ఉన్న మాట చెప్పారు.

"నా కోడలు నవ్వుతాది."

 ఫిలిప్ తన వేళ్ల వైపు చూచుకున్నాడు. ఎలిజబెత్ పైట సర్దుకుని, "ఆ మాట ముందే చెప్పరాదా" అన్నది మెల్లగా.

"ఇంకొక మాట కూడా ఉంది. ఆ బిడ్డను ఎవరూ పాట అడగవద్దు."

"మేం ప్రేమతోనే గదా సారూ అడిగింది!"

"నేను నూనె పోసింది కూడా ప్రేమతోనేనమ్మా" అని, నూనె కథంతా ఏదీ దాచకుండా వినిపించారు. ప్రమీలమ్మ సగం సీసా దగ్గర సాక్ష్యం పలికింది. ఆవరణ మరొకసారి నవ్వింది గాని, ఈసారి ఆ నవ్వులో ఎగతాళి లేదు.

ఆ బుధవారం కూటం ఆళ్లగడ్డలో అంతకుముందు ఎన్నడూ జరగని తీరున జరిగింది. చెప్పులు వీధిలోనే విడిచి, తలుపు చప్పుడు కాకుండా ఒక్కొక్కరుగా వచ్చి కూర్చున్నారు. ఫిలిప్ డప్పు లేక చేతులు ఏం చేసుకోవాలో తెలియక ఒడిలో ముడుచుకున్నాడు. స్పీకర్లు లేని అరుగు మీద ఉత్తరీయం కప్పిన తొట్టె ఒక్కటే ఉన్నది. దాని వెనుక బుడగలు పైకిలేచే సవ్వడి అందరికీ వినబడుతున్నది. కృపావరం గారు తాను కూర్చిన ప్రార్థన పద్యాన్ని, ఊయలలో బిడ్డ మేలుకోకూడదన్నంత మంద్రంగా చదివారు. తరువాత కీర్తన ఎత్తుకున్నారు. అందరూ గొంతులు తగ్గించి పాడుతుంటే, ఎన్నాళ్లుగానో పాడుతున్న ఆ పాటలోని మాటలను మొదటిసారి వింటున్నట్టు అనిపించింది ఆయనకు.

రెండవ చరణంలో ఒక కొత్త గొంతు కలిసింది. సన్నగా మొదలై, నీళ్లలో తేనెలా మెల్లగా కలిసిపోయి, పల్లవి దగ్గరికి వచ్చేసరికి నిండుగా నిలబడింది. ఉత్తరీయానికి ఆనుకుని కూర్చున్న ఫెబా కళ్లు మూసుకుని పాడుతున్నది. ఎవరో స్త్రీ ఇటు తిరిగి చూడబోతే ఎలిజబెత్ ఆమె మోకాలిని గట్టిగా నొక్కింది. ఒక్క తల కూడా తిరగలేదు.

చీలిన రెక్క అంచున కొన్నాళ్లకు గాజుపొరలాంటి కొత్త చిగురు కనబడింది. తోక దగ్గరి తెలుపు మెల్లగా నారింజకు తిరిగింది. బుడ్డోడు బుట్టలో నుంచే మేత అందుకోసాగాడు. వంటింట్లో ప్రమీలమ్మ కోడలి విస్తరిలో రెండవసారి వడ్డించడం, కోడలు వద్దనకపోవడం కృపావరం గారు వసారాలో నుంచే విన్నారు.

ఒక సెలవునాటి ఉదయం ఫెబా ఆయనను పిలిచింది. "బుట్ట మీరే తియ్యండి మామా."

"చెయ్యి పెట్టొద్దన్నావు గదమ్మా!"

"ఇప్పుడు పెట్టొచ్చు."

చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ఆయన బుట్టను నీటిలోనే మెల్లగా వంచారు. బుడ్డోడు బయటికి వచ్చాడు. చూచీచూడగానే దొరసాని దూసుకువచ్చింది. ప్రమీలమ్మ "ఓ దేవా!" అని కళ్లు మూసుకున్నది. బుడ్డోడు పారిపోలేదు. ఒక పక్కకు ఒరిగి, ఒళ్లంతా సన్నగా వణికించాడు.

"బెదిరినాడా?" అన్నారు కృపావరం గారు గాబరాగా.

"లేదు మామా, అది దండం పెట్టడం. పెత్తనం నీదేలే అని చెప్తాండాడు."

దొరసాని అతని చుట్టూ ఒకమారు తిరిగింది. కొత్త రెక్కను దగ్గరగా చూచినట్టు ఆగింది. తరువాత తాను ముందు, అతడు వెనుక, నునుపు తేలిన ముంతలోకి ఇద్దరూ దూరారు. ప్రమీలమ్మ ఒక కన్ను తెరిచి, భర్త వైపు చూచి, "చూసి నేర్చుకో" అన్నది.

ఆదివారం ఉదయం ఆరాధనకు పోతూ స్త్రీలు దారిలో ఆ ఇంటి ముందు ఆగారు. కృపావరం గారు బోసిభుజంతోనే గడప దాటబోతుంటే, ఫెబా తొట్టె మీది ఉత్తరీయాన్ని తీసి దులిపి ఆయన భుజాన వేసింది. జరీ అంచు పొడుగునా ఉప్పునీరు ఎండి తెల్లని చార కట్టి ఉన్నది.

"మరక పడింది మామా. సాయంత్రం ఉతికిస్తా."

"ఉండనీ తల్లీ" అని ఆయన ఆ మరక పైకి కనబడేలాగానే మడత సర్దుకున్నారు.

ఫెబా గుమ్మంలోకి వచ్చి, "లోపలికి రాండి ఎలిజబెత్తత్తా, చూద్దురుగాని. గాజు మాత్రం ముట్టొద్దు" అని నిండైన గొంతుతో పిలిచింది.

ఎలిజబెత్ చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, మునివేళ్ల మీద నడిచివచ్చి, తొట్టె ముందు వంగి, వీధంతటికీ ఎరుకైన తన గొంతును గుసగుసగా మార్చి అడిగింది:

"దొరసాని యాడమ్మా?"